మిర్చి టిక్కీలతో ట్రాక్టరు ట్రక్కు: రోడ్డెక్కే ముందు చూడవలసినవి

గుంటూరు: సంక్రాంతి దాటితే వినుకొండ, నరసరావుపేట వైపుల నుంచి గుంటూరు మిర్చి యార్డుకు సరుకు రాక పెరుగుతుంది. లారీలతోపాటు ట్రాక్టరు ట్రక్కులపైనా టిక్కీలు వస్తాయి. తేమ, రంగు, తాలు గురించి వంద ఆరాలు తీసే సరుకుదారులు బండి సంగతి డ్రైవరుకు వదిలేయడం రివాజు. ట్రక్కు బోల్తాపడి టిక్కీలు చిట్లితే ఆ కాయకు తగిన ధర రాదని వేరే చెప్పనక్కరలేదు.

టిక్కీ 40 కిలోల చొప్పున 100 టిక్కీలు వేస్తే సరుకే 4 టన్నులు. లాగే ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. బ్రేకు వేసినప్పుడు వెనుక బరువు ముందున్న ట్రాక్టరును నెడుతుంది. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులు ఉండవు. అందుచేత ట్రాక్టరు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి లాకు వేయాలి. పొలంలో మలుపుల కోసం విడదీసిన పెడళ్లను రోడ్డుపై అలాగే ఉంచి ఒకటి తొక్కితే బండి ఒక పక్కకు గిరుక్కున తిరుగుతుంది. దిగుడులో గేరు తీసి న్యూట్రల్‌లో వదలడం మరీ ప్రమాదం.

రెండు చక్రాల ట్రక్కులో బరువు ఇరుసుకు కాస్త ముందుండాలి. వెనుక ఎక్కువైతే డ్రాబారు పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు తగ్గుతుంది. మరీ ముందుకు వేస్తే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. మిర్చి తేలిక సరుకు గనుక బరువు కంటే ఎత్తే త్వరగా పెరుగుతుంది. మలుపుల్లో ట్రక్కు ఒరగడానికి అదే కారణం. కిరాయి కలిసొస్తుందని పైన ఇంకో వరుస వేయించేది తరచు సరుకుదారే.

హిచ్ పిన్నుకు బదులు ఇనుప చువ్వ దోపి నడిపే బండ్లు లేకపోలేదు. అరిగిన పిన్ను మార్చి, కింద క్లిప్పు పెట్టి, అదనంగా గొలుసు కట్టాలి. టైర్లలో గాలి, చక్రాల నట్లు, వెనుక ఎర్ర దీపం చూసుకోవాలి. టార్పాలిన్ అంచు వేలాడి ఎర్ర రిఫ్లెక్టర్లను కప్పేస్తే చీకట్లో వెనుక వచ్చే లారీకి ట్రక్కు కనబడదు.

టిక్కీలపై మనుషులను ఎక్కించరాదు. కూరగాయలతో ట్రాక్టరు ట్రక్కులో వెళుతూ మరణించిన వ్యాపారి కేసులో, ఆ బాధ్యత ఇన్సూరెన్సు కంపెనీది కాదని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

యార్డులో పిన్ను తీసేముందు చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టించాలి. ట్రాక్టరును విడదీశాక ముందువైపు టిక్కీలు మొదట దించితే బరువు వెనక్కు మొగ్గి డ్రాబారు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ సమయంలో హమాలీలెవరూ దాని దగ్గర నిలబడరాదు.