నింద వేరు, నిలదీత వేరు

నిండు సభలో పరుషంగా మాట్లాడటం ఈనాటి విద్య కాదు. రాజసూయ సభలో శిశుపాలుడు శ్రీకృష్ణుని నోటికొచ్చినట్లు దూషించాడు. ద్యూతసభలో ద్రౌపది, ముందుగా తానే ఓడిన ధర్మరాజుకు తనను పణంగా ఒడ్డే హక్కెక్కడిదని ప్రశ్నించింది. శిశుపాలుని దూషణ అతనితోనే ముగిసింది. ద్రౌపది ప్రశ్నకు భీష్ముడంతటివాడు సూటిగా బదులు చెప్పలేకపోయాడు.

పాశ్చాత్య దేశాల్లోనూ ఈ సంప్రదాయం ప్రాచీనమైనదే. మాసిడోనియా రాజు ఫిలిప్‌పై ఏథెన్స్ వక్త డెమోస్థనీస్ చేసిన ప్రసంగాల మూలంగానే తీవ్ర ఖండన ప్రసంగానికి 'ఫిలిప్పిక్' అన్న పేరు స్థిరపడింది. సిసిలీని దోచుకున్న గవర్నర్ వెర్రెస్‌పై క్రీ.పూ. 70లో రోమన్ న్యాయవాది సిసిరో సాక్ష్యాలతో సహా అభియోగం మోపగా, తీర్పు వెలువడకముందే వెర్రెస్ పరారయ్యాడు. భారతదేశంలో సాగించిన అక్రమాలపై వారన్ హేస్టింగ్స్‌ను 1788లో ఎడ్మండ్ బర్క్ బ్రిటిష్ ప్రభువుల సభ ఎదుట తూర్పారబట్టాడు. అయితే విచారణ ఏడేళ్లు సాగి, 1795లో హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడు. వాగ్ధాటి ఒక్కటే చాలదని ఆ తీర్పు చాటింది.

స్వతంత్ర భారతంలో ఇందుకు మేలైన ఉదాహరణ 1957 డిసెంబర్ 16న లోక్‌సభలో ఫిరోజ్ గాంధీ చేసిన ప్రసంగం. ఆయన పాలకపక్ష సభ్యుడు, పైగా ప్రధాని నెహ్రూకు అల్లుడు. జీవిత బీమా సంస్థ ఏర్పడి అప్పటికి ఏడాదికి పైగా మాత్రమే అయింది. పాలసీదారుల సొమ్ములో సుమారు 1.24 కోట్ల రూపాయలను ఆ సంస్థ, పెట్టుబడుల సంఘాన్ని సంప్రదించకుండానే, పారిశ్రామికవేత్త హరిదాస్ ముంధ్రాకు చెందిన ఆరు కంపెనీల వాటాల్లో పెట్టింది. ఎవరి ఆదేశంతో, ఎవరి మేలు కోరి ఈ కొనుగోలు జరిగిందన్నదే ఆయన సంధించిన ప్రశ్న.

ఆ ప్రశ్నను దాటవేయడం ప్రభుత్వానికి సాధ్యం కాలేదు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య సంఘాన్ని నియమించింది. ఆయన బహిరంగ విచారణ జరిపి, తన కార్యదర్శి చర్యకు మంత్రే బాధ్యత వహించాలని తేల్చారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

పార్లమెంటులో సభ్యుడు పలికిన మాటపై న్యాయస్థానంలో చర్య తీసుకోరాదని రాజ్యాంగంలోని 105వ అధికరణం హామీ ఇస్తోంది. ఆ రక్షణ ప్రజాధనానికి లెక్క అడగడానికి. దానిని తిట్లకు వాడుకుంటే సభలో కేకలే మిగులుతాయి, ప్రజల సొమ్ముకు లెక్క చెప్పేవారు ఉండరు.