పైసలు ఎకరాకా? చెమటకా?

సోమశిల రేవులో నిలబడి చూస్తే కంటికి ఆనేది కృష్ణమ్మ నీళ్ళే. ఆ నీళ్ళ అడుగున మా తాత దున్నిన చేను ఉంది. 1980ల తొలి యేండ్లలో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. సోమశిల గుళ్ళను విప్పి ఎగువన మళ్ళీ కట్టారు. చేనును విప్పి కట్టే విద్య మాత్రం ఎవరికీ లేదు కదా! మా ఇంటికి మిగిలింది ఇరవై గుంటల చెలక. నాయన మరో నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు.

సర్కారు పేదల చేతికి నేరుగా పైసలు ఇచ్చే పథకాలను గురించి వ్రాయబూనుకున్నాను గనుక మా ఇంటి లెక్కతోనే మొదలుపెడతాను.

మా నాయనమ్మకు ఆసరా పింఛను వస్తుంది. 2014లో నెలకు 1,000 రూపాయలతో మొదలైన వృద్ధాప్య పింఛను 2019లో 2,016 అయింది. మందులకు కొడుకు ముందు చేయి చాచకుండా బతుకుతున్నదంటే దాని చలవే. "ఊరికే ఇచ్చే పైసలు మనిషిని సోమరిని చేస్తాయి" అనే పెద్దలు ఒక్కసారి ఆమెను చూడాలి.

ఇక రైతు సాయం. 2018 మే 10న రైతుబంధు మొదలైంది. పంటకు ఎకరాకు 4,000, మరుసటి యేడు 5,000. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో 6,000 చేశారు. కేంద్రం ఇచ్చే పి.ఎం. కిసాన్ ఎకరాలతో పని లేకుండా భూమి గల రైతు కుటుంబానికి యేడాదికి 6,000, మూడు విడతలుగా.

ఇప్పుడు చిన్న గణితం. ఎకరానికి నలభై గుంటలు. మా ఇరవై గుంటలకు పంటకు వచ్చేది 3,000. నాయన దున్నే నాలుగెకరాలకు 24,000. అది పట్టాదారు ఖాతాలో పడుతుంది! విత్తనం మాది, ఎరువు మాది, వాన రాకుంటే అప్పు మాది. కాగితం మాత్రం ఆయనది. 2025 నాటి మార్గదర్శకాలలోనూ కౌలుదారుకు చోటు లేదు.

భూమిలేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా వచ్చింది గదా అంటారేమో. యేడాదికి 12,000 మంచిదే. కానీ దానికి గుంటెడు భూమి కూడా ఉండరాదు, 2023-24లో ఇరవై రోజులైనా ఉపాధి పని చేసి ఉండాలి. ఇరవై గుంటలు మమ్మల్ని రైతులను చేయలేదు, కూలీలను కానివ్వనూ లేదు!

దీనికి మార్గం లేదా? మా రేవులో పడవ ఎక్కితే ఆవలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. అక్కడ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం చేశారు. పదకొండు నెలల కార్డు. అది భూమి మీద హక్కు ఇవ్వదు, పంట మీదనే. అదే యేడు మొదలైన అక్కడి రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల భూమిలేని కౌలుదారులకూ 13,500 చొప్పున ఇచ్చారు. అయితే ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి. చిక్కంతా అక్కడే. ఈ సంగతి చెబితే నాయన నవ్వి, "సంతకం పెట్టుమంటే వచ్చే యేడు కౌలే ఇయ్యడు బిడ్డా" అన్నాడు. ఆ భయం యజమానికీ ఉంది, భూమి చేజారుతుందేమోనని. కనుక సంతకంతో నిమిత్తం లేకుండా, నాటు పడిన తర్వాత గ్రామసభలో అందరి ఎదుట సాగుదారు పేరు వ్రాసుకోవడమే మేలని నాకు తోస్తుంది. ఎవరి చేను ఎవరు దున్నుతున్నారో ఊరికి తెలియనిదా?

మిత్రులారా, అంతవరకూ మన చేతనైన పని ఒకటుంది. ఆధార్ ఆధారంగా పంపే సొమ్ము, చివరగా ఆధార్ జతచేసిన బ్యాంకు ఖాతాకే పోతుంది. రెండు మూడు ఖాతాలున్న ముసలివాళ్ళు ఒక బ్యాంకులో పైసలు పడితే మరో బ్యాంకు ముందు పడిగాపులు కాస్తారు. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఏ ఖాతాకు జత అయిందో చూసి చెప్పండి. చదువుకున్నందుకు ఆ మాత్రం చేయలేమా?

నాయనమ్మ పింఛను చూసి నేను నేర్చింది ఒక్కటే. పైసలు చేరవలసిన చేతికి చేరితే అది దానం కాదు, ధైర్యం. ఆ ధైర్యం నాగలి పట్టిన చేతికీ చేరాలి.