వెన్న తిన్న నేరం

జపాన్ రచయిత్రి అసాకో యుజుకి నవల ‘బటర్’లో హత్య కేసు ఒక సాకు. అసలు విచారణ వంటింటి మీద, భోజనాల బల్ల మీద, వాటి చుట్టూ ఒక దేశం అల్లుకున్న గొప్పల మీద.

ముగ్గురు మగవాళ్లను చంపిందన్న నేరం మీద మనాకో కజీ టోక్యో నిర్బంధ కేంద్రంలో ఉంది. పెళ్లి సంబంధాల సైట్లలో పరిచయమైన ఒంటరి మగవాళ్లకు కమ్మగా వండిపెట్టింది, వాళ్ల డబ్బుతో దర్జాగా బతికింది, ఆపైన ప్రాణాలు తీసింది అన్నది అభియోగం. పత్రికలు మాత్రం వేరే ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి: ఇంత లావుగా ఉన్న, అందగత్తె కూడా కాని ఆడమనిషికి అంతమంది ఎలా పడ్డారు? ఈ కథకు ఊపిరి పోసింది నిజంగా జరిగిన కేసే. కనాయె కిజిమా అనే మహిళకు 2012లో సైతామా జిల్లా కోర్టు మరణశిక్ష వేసింది, 2017లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. సాక్ష్యాల గురించి ఎంత రాశారో ఆమె ఒళ్లు గురించీ అంత రాశారు. 2017లో జపాన్‌లో వచ్చిన ఈ నవల పాలీ బార్టన్ ఇంగ్లిష్ అనువాదంతో 2024లో బ్రిటన్ చేరింది. అక్కడి వాటర్‌స్టోన్స్ పుస్తక దుకాణాలు దాన్ని ఆ ఏటి పుస్తకంగా ఎంచుకున్నాయి. దీన్ని చాలామంది ‘జపాన్ ఆడవాళ్ల బతుకు’ చెప్పే పుస్తకంగా చదివారు. ఆ చదువు సగమే సరైనది. ఒక దేశం తన తిండి గురించి చెప్పుకునే గొప్ప, ఆ దేశపు ఆడవాళ్ల చాకిరీ మీదా అర్ధాకలి మీదా ఎలా నిలబడుతుందో చూపించడంలోనే ఈ నవల బలమంతా ఉంది.

వండొచ్చు, తినకూడదు

కజీని ఇంటర్వ్యూ చేయాలని తిరుగుతున్న రికా మచిదా ఒక వారపత్రిక విలేకరి. పొద్దస్తమానం పని, దొరికిన వేళకు దుకాణంలో కొన్న తిండి, సన్నటి ఒళ్లు. ఎవరికీ ఇంటర్వ్యూ ఇవ్వని కజీ నోరు విప్పాలంటే ఆమె చేసిన బీఫ్ స్ట్యూ ఎలా వండాలో అడగమని స్నేహితురాలు రెయికో సలహా ఇస్తుంది. ఆ పాచిక పారుతుంది. తనకు సహించనివి రెండే అంటుంది కజీ: స్త్రీవాదులు, మార్జరిన్. ఆమె పెట్టే మొదటి పరీక్ష చాలా తేలిక. పొగలు కక్కే అన్నంలో ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన మేలురకం వెన్న ముక్క వేసి, కాస్త సోయా సాస్ చల్లుకుని తినాలి. రికాకు రుచి తగులుతుంది, ఒంటికి బరువూ పడుతుంది. అప్పటినుంచి ప్రియుడి దగ్గర మొదలుపెట్టి ఆఫీసులో వాళ్ల దాకా అందరికీ ఆమె ఒళ్లే విషయం. ఆమె పనితనం తగ్గిందని ఎవరూ అనరు. కానీ ఆమె బరువు గురించి మాట్లాడే హక్కు తమకు ఉందా అన్న అనుమానం ఒక్కరికీ రాదు. కజీ మీద జనానికున్న కోపం అసలు ఎక్కడ పుట్టిందో ఇక్కడ అర్థమవుతుంది. ఆడమనిషి వండితే మెచ్చుకుంటారు. వండినదాన్ని తానే కడుపారా, సిగ్గుపడకుండా తింటే మాత్రం తప్పు పడతారు.

జపాన్ తిండి అనగానే బయటివాళ్లకు తోచే బొమ్మ ఒకటుంది: అన్నం, మిసో సూప్, చేప, చిన్న చిన్న గిన్నెలు, ఎదురుగా నాజూకైన ఇల్లాలు. 2013లో యునెస్కో జపాన్ సంప్రదాయ ఆహార సంస్కృతిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చాక ఆ బొమ్మకు అధికార ముద్ర కూడా పడింది. ఆ బొమ్మ వెనక లెక్క వేరు. ఓఈసీడీ గణాంకాల ప్రకారం జపాన్‌లో జీతం లేని పనికి ఆడవాళ్లు రోజుకు 224 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్లు వెచ్చించేది 41. అక్కడ ఇరవైల్లో ఉన్న ఆడవాళ్లలో దాదాపు అయిదో వంతు మంది ఉండాల్సిన బరువు కన్నా తక్కువ ఉన్నారు. ఊబకాయాన్ని అదుపు చేయడానికి 2008 నుంచి నడుము కొలిచే పరీక్షలు వచ్చిన మాట నిజమే కానీ అవి 40 నుంచి 74 ఏళ్ల వాళ్లకు. ప్రభుత్వ టేపు తాకని వయసులోనే బక్కతనం ఇంతగా ఉందంటే దాన్ని కోరుతున్నది వైద్యుడు కాదు, చుట్టూ ఉన్న చూపు. ఆ చూపు పాతదే, దానికి ఎదురు తిరగడమూ పాతదే. వండేది అమ్మాయి, తినేది అబ్బాయి అని చెప్పే ఒక నూడుల్స్ ప్రకటనను 1975లో మహిళా సంఘాల నిరసన తర్వాత ఆపేయాల్సి వచ్చింది.

పైగా ‘సంప్రదాయం’ అన్న మాటకు అక్కడ అంత వయసు లేదు. ఇల్లాలి చేతి రుచికి గుర్తుగా చెప్పే నికుజాగా, అంటే మాంసం బంగాళాదుంపల కూర, నావికాదళాధిపతి తోగో బ్రిటన్‌లో తిన్న బీఫ్ స్ట్యూ కోసం పురమాయిస్తే పుట్టిందని ఒక కథ. మాదంటే మాదని కూరె, మైజురు రేవు పట్టణాలు ఇప్పటికీ పోటీ పడుతుంటాయి. ఆ కథ నిజమైనా కాకపోయినా, మేజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడని 1872లో లోకానికి వెల్లడయ్యే దాకా జపాన్‌లో అది ఇంటింటి వంట కానే కాదు. నవల కూడా ఈ కల్తీని దాచదు. ఆడది మగవాణ్ని సేవించాలని బోధించే కజీ మెచ్చేది ఫ్రెంచి వెన్న. అచ్చమైన జపాన్ స్త్రీత్వానికి తానే వకాలతు పుచ్చుకున్న మనిషి నాలుక ఐరోపాలో ఉంది. వెన్న కరువై దుకాణాల్లో అరలు ఖాళీ అయిన రోజుల్లో యుజుకి ఈ కథ నడిపింది. జపాన్ ప్రభుత్వం 2014లో వెన్నను అత్యవసరంగా దిగుమతి చేసుకున్న మాట గుర్తుంటే అది ఊరికే ఎంచుకున్న నేపథ్యం కాదని తెలుస్తుంది.

మగవాళ్ల ఆకలి

చనిపోయిన ముగ్గురినీ నవల మరిచిపోయి హంతకురాలి మీద జాలి కురిపిస్తోందన్నది ఒక విమర్శ. నిజానికి ఆ మగవాళ్ల గురించి అంత లోతుగా ఆలోచించింది ఈ పుస్తకంలో రికా ఒక్కతే. డబ్బూ ఇల్లూ ఉండి కూడా తమకు తాము ఒక పూట వండుకోలేని మనుషులు వాళ్లు. పెళ్లాం వస్తే తప్ప బతుకు మొదలు కాదని నమ్మినవాళ్లు. విడాకుల తర్వాత ఒంటరిగా చితికిపోయిన రికా తండ్రి కూడా వాళ్లలాంటివాడే. వెళ్లి వండిపెట్టలేకపోయానన్న అపరాధ భావం ఆమెను ఏళ్ల తరబడి తొలిచేస్తుంది. వంట ఆడవాళ్ల పని అనే నియమం ఆడవాళ్ల వెన్ను విరవడంతో ఆగలేదు, మగవాళ్లను చేతకానివాళ్లుగా చేసి వాళ్లనూ బలి తీసుకుంటోంది. ఇది హంతకురాలిని వెనకేసుకురావడం కాదు. ఆమెకు ఎర అంత తేలిగ్గా ఎందుకు దొరికిందో చెప్పడం.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. ఎక్కువ తినడమే విముక్తా? కజీ చెప్పినట్టల్లా తిని లావెక్కడం ఇంకో రకం విధేయత కాదా? అవును, విధేయతే. మొదటి సగంలో రికా ఒక యజమాని నుంచి ఇంకో యజమానికి చేతులు మారుతుంది, అంతే. యుజుకికి ఆ సంగతి తెలుసు కాబట్టే కజీ చేత రికా నమ్మకాన్ని వమ్ము చేయించింది. ఆ దెబ్బ తిన్నాకే రికా తనకెంత చాలో తానే తేల్చుకోవడం మొదలుపెడుతుంది. చివర్లో ఆమె వండే టర్కీ కోడి జపాన్ సంప్రదాయమూ కాదు, ఏ మొగుడి కోసమూ కాదు. తాను పిలుచుకున్న స్నేహితుల కోసం.

మరి ఇదంతా జపాన్ గొడవే కదా అనేవాళ్లకు జవాబు మన గణాంకాల్లోనే ఉంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే చూస్తే మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు అప్పట్లో దానికి రోజుకు 299 నిమిషాలు పెట్టేవారు, చేసే మగవాళ్లు 97. మన నమ్మకాల్లోనూ అదే తీరు. ఉట్టి కొట్టి వెన్న తిన్న కన్నయ్య ముద్దొస్తాడు. ఆడపిల్ల ఇంకో గరిటె నెయ్యి వేసుకుంటే సంబంధాలు గుర్తొస్తాయి. అమ్మ చేతి వంట అని మురిసిపోయే మనం అమ్మకు ఏది ఇష్టమో, ఎప్పుడు తిందో అడగడం తక్కువ. అందుకే ‘బటర్’ని జపాన్‌ను అర్థం చేసుకోవడానికి చదివితే ఒక మూసను పడేసి ఇంకో మూసను తెచ్చుకున్నట్టే. ఒక జాతి తన వంటల గురించి గర్వపడుతున్నప్పుడు ఆ గర్వానికి ఎవరి ఆకలి ఖర్చవుతోందో ఆరా తీయడం ఈ నవల నేర్పుతుంది. ఆ ఆరాకు ఏ దేశపు వంటిల్లూ మినహాయింపు కాదు, మనది కూడా.