పగడపు జీవికి క్రొత్త నీరు

విశాఖపట్టణమున ఋషికొండ, తెన్నేటి పార్కు తీరములందు పాటు వేళ సముద్రము వెనుకకు తగ్గినపుడు, రాళ్ళపై గోధుమ, పచ్చ వన్నెల మెత్తని పొర కొన్నిచోట్ల కనబడును. చూచువారు నాచు అనుకొని దాటిపోవుదురు. అది నాచు కాదు, జంతువుల గుంపు. చొక్కా బొత్తామంత ఉండు ఈ జీవులు పగడములకు దగ్గరి బంధువులు. శాస్త్రజ్ఞులు వీనిని జోయాంథిడులు అందురు. నీరున్నంతసేపు పూవువలె విచ్చుకొని యుండును. నీరు దిగగానే ముడుచుకొని ఎండకు ఓర్చును. పోటు రాగానే మరల విచ్చుకొనును.

ఇంటిలో ఉప్పునీటి గాజుతొట్టి పెట్టదలచినవారు మొదట ఎట్టి పగడమును ఎంచుకొనవలెనో ఈ రాళ్ళే సూచించుచున్నవి. మార్పులేని తేటనీటిలో పెరిగిన జాతి స్వల్పమైన మార్పునకే కుంగును. ఎండ, వాన, పోటు, పాటు నిత్యము చూచిన జాతి తట్టుకొనును.

ఈ తీరపు నీరు ఎంతగా మారునో 1950 తరువాతి దశకమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు లఫాండ్, ఇచ్చటి పరిశోధకులతో కూడి కొలిచెను. మార్చి, ఏప్రిలు నెలలలో లోతునీరు పైకి ఉబుకుటచే కిలోగ్రాము నీటిలో ఉప్పు 34 గ్రాముల సమీపమున ఉండును. వానకాలము ముగిసిన పిదప ఉత్తరపు నదుల మంచినీరు దక్షిణమునకు దిగివచ్చి దానిని 30కి బాగుగా దిగువకు తెచ్చును. మన్నారు సింధుశాఖలో వలె ఇచ్చట పెద్ద పగడపు దిబ్బలు ఏర్పడకపోవుటకు ఈ మంచినీరు, దానితో వచ్చు ఒండ్రు ముఖ్యకారణములు. కావున నవంబరులో బీచి నుండి తెచ్చిన బిందెడు నీరు ఏప్రిలులో తెచ్చినదానితో సమానము కాదు. రేవు సమీపపు నీరు నూనె, వ్యర్థముల వలన అసలే పనికిరాదు.

సముద్రములో ఈ మార్పునకు నెలలు పట్టును. అంగడి సంచిలో నుండి తొట్టిలోనికి దూకించినచో అదే మార్పు క్షణములో జరుగును. పగడపు జీవికి మూత్రపిండములు లేవు. దాని కణములలోని సాంద్రత బయటి నీటితో సమానముగా నుండును. బయట ఉప్పు హఠాత్తుగా తగ్గెనా, ద్రవాభిసరణము వలన నీరు లోనికి చొరబడి కణములు ఉబ్బును. నెమ్మదిగా తగ్గినచో కణములు తమలోని ద్రవ్యములను కొంత విడిచి సర్దుకొనును. అలవాటు పరచుట యనగా ఆ వ్యవధి నిచ్చుటయే.

తొట్టి ముందుగా నెలకు పైగా నడచి, అమ్మోనియాను మార్చు సూక్ష్మజీవులు అందు నెలకొని యుండవలెను. సాపేక్ష సాంద్రత హైడ్రోమీటరుపై 1.025 సమీపము, ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెంటీగ్రేడు సమీపము ఉండవలెను. మే నెలలో విశాఖ ఇండ్లలో నీరు 30 డిగ్రీలు దాటుట సామాన్యము. చల్లబరచు ఏర్పాటు లేనివారు వేసవిలో ఈ పని మొదలుపెట్టకుండుటే మేలు. సంచిని మూత విప్పక ఇరువది నిమిషములు తొట్టినీటిపై తేలనిచ్చిన వేడిమి సమమగును. పిదప జీవిని సంచినీటితో సహా చిన్నపాత్రలోనికి మార్చి, ముడివేసిన సన్నని గొట్టముతో తొట్టినీటిని బొట్లుబొట్లుగా గంటసేపు దింపవలెను. పాత్రలోని నీరు రెట్టింపైన తరువాత జీవిని మాత్రమే తొట్టిలో ఉంచి, ఆ నీటిని పారబోయవలెను.

వెలుతురు సంగతి చాలమంది మరచెదరు. ఈ జీవుల కణములలో జూజాంథెల్లా యను సూక్ష్మ శైవలములు కాపురముండి, కిరణజన్య సంయోగక్రియచే ఆహారములో అధికభాగము సమకూర్చును. చీకటి సంచిలో ప్రయాణించినదానిని తీక్ష్ణమైన దీపము క్రింద పెట్టినచో శైవలములలో హానికరమైన ఆక్సిజను రూపములు పుట్టును. జీవి వానిని వెళ్ళగొట్టి తెల్లబారును. మొదట అడుగున నీడలో ఉంచి, రెండు మూడు వారములలో పైకి తేవలెను.

జాతుల ఎంపికలో చట్టము కూడ కలదు. రాతిగూడు కట్టు పగడములన్నియు, సముద్రపు విసనకర్రలు, నల్లపగడము, అగ్నిపగడము 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. సేకరణము, అమ్మకము నేరములు. మిగిలినవి మెత్తని జాతులు. వానినైనను ఎచటి నుండి వచ్చినవో అడిగి, తొట్టెలలో పెంచినవే కొనవలెను. ఋషికొండ రాళ్ళపై ఉన్నవి చూచుటకే గాని ఊడబెరుకుటకు కాదు.

దానికి మరియొక కారణము కలదు. జోయాంథిడులలో పాలిథోవా యను ప్రజాతి యందలి కొన్ని జీవులలో పాలిటాక్సిను అను మహావిషము ఉన్నది. హవాయిలో మూర్, షోయర్ అను రసాయన శాస్త్రజ్ఞులు 1971లో దానిని వేరుచేసి ప్రకటించిరి. చర్మపు గాటు ద్వారాను, కంటిలో చిందినను హాని కలుగును; ఆ జీవులున్న రాతిని వేడినీటిలో మరగించినవారు ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన సందర్భములు ఉన్నవి. గట్టితనములో జోయాంథిడులకు మొదటి స్థానమిచ్చినను, పిల్లలు చేతులు పెట్టు పాఠశాల తొట్టికి డిస్కోసోమా అను పుట్టగొడుగు పగడమే తగినది. అది తక్కువ వెలుతురుతోనే తృప్తిపడును. ఏది పెంచినను చేతితొడుగులు తప్పవు.

క్రొత్త జీవి కొన్ని దినములు ముడుచుకొని యుండుట సహజము. వారము దాటినను విచ్చుకొననిచో దానిని చోటు మార్చి మార్చి బాధింపక, మొదట హైడ్రోమీటరు తీసి నీటిని కొలువవలెను.