ఇల్లందుకు రైలెందుకొచ్చింది, ఎందుకు పోయింది?

మొన్న ఇల్లందు బస్టాండుల ఓ డిగ్రీ పిలగాడు నన్నడిగిండు: "అన్నా, మన ఊరికి నిజంగ ప్యాసింజర్ రైలొస్తుండెనా?"

వస్తుండె తమ్మీ. కని ఆ రైలు ముచ్చట బొగ్గు కాడికెల్లి మొదలుపెట్టాలె.

1871ల భూగర్భ సర్వే శాఖ దొర విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గున్నదని తేల్చిండు. ఉంటె ఏం లాభం? ఎడ్లబండ్ల మీద ఎంతని మోస్తరు? బొగ్గు పైసలు కావాలంటె రైలు రావాలె.

1883ల నిజాం సర్కారు రైల్వే కోసం లండన్ కంపెనీతోని ఒప్పందానికి దిగింది. పెట్టుబడి వాళ్లది. లాభం రాకున్నా వడ్డీ కట్టే పూచీ మాత్రం మన ఖజానాది. అందుకే ఆ రైల్వే పేర్లనే 'గ్యారంటీడ్' అని ఉంటది. అసలు లెక్కేందో జనం ముంగట పెట్టుండ్రని హైదరాబాద్‌ల కొందరు అడిగిండ్రు. సరోజినీ నాయుడు నాయన అఘోరనాథ్ చటోపాధ్యాయ వాళ్లల్ల ఒకరు. అడిగినందుకు ఆయనను రాజ్యం దాటించిండ్రు. చరిత్రల దీన్నే చందా రైల్వే లొల్లి అంటరు.

1886ల హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు దక్కినయ్. 1889ల బొగ్గు తవ్వుడు షురువైంది. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగ ఇల్లందు దాక పట్టాలు పడ్డయ్. స్టేషన్‌కు పెట్టిన పేరు చూడుండ్రి: సింగరేణి కాలరీస్. ఊరి పేరు కాదు, గనుల పేరు! ఎవరి కోసం కట్టిండ్రో బోర్డు మీదనే రాసున్నది.

తర్వాత కొత్తగూడెంల గనులు తెరిచిండ్రు. కారేపల్లి నుంచి అటు దిక్కు లైనేసిండ్రు. కంపెనీ పెద్దాఫీసు గూడ అటే పోయింది. బొగ్గుట్ట అని పిలిపించుకున్న ఇల్లందు, లైనుకు తోకలెక్క మిగిలింది. పాత గనులు ఒక్కటొక్కటి మూతపడ్డయ్. మనుషులెక్కే బండి బందైంది. ఇయ్యాల రైలెక్కాలంటె బస్సు పట్టుకొని డోర్నకల్‌కో ఖమ్మంకో పోవాలె.

నేను రైలుకు ఎదురు కాదు. అదే పట్టాల మీద మన తాతలు గూడ పట్నం జూసిండ్రు. నేను చెప్పేది ఒక్కటే: బొగ్గు కోసం ఏసిన పట్టా బొగ్గు మాటే ఇంటది, ఊరి మాట ఇనదు.

రేపు మీ ఊరికి గనో, లైనో వస్తదంటె సంబురపడుండ్రి. కని ముందుగాల అడుగుండ్రి: ప్యాసింజర్ బండి ఆగుతదా? గని మూసినంక ఊరి గతేంది? 1883ల అడిగినోళ్లను ఎల్లగొట్టిండ్రు. మనకు 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉన్నది. దరఖాస్తుకు పది రూపాయలు. ఇంక అడగకపోతె తప్పు మనదే.