చెవి కారితే మామూలేనా?

పిల్లవాడి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, రాత్రి పన్నెండైనా ఆటో మాట్లాడుకుని డాక్టరు దగ్గరికి పరుగెడతాం. అదే పిల్లవాడి చెవి నెల రోజులుగా కారుతుంటే మాత్రం 'చిన్నప్పుడు అందరికీ ఉండేదే' అని చెవిలో దూది పెట్టి బడికి పంపేస్తాం. నోరు తెరుచుకుని గురక పెడుతుంటే 'అచ్చం వాళ్ల తాతయ్యే' అని ముచ్చటపడతాం కూడా. నిజానికి ఈ రెండూ డాక్టరుకు చూపించాల్సినవే.

అలాగని తుమ్మినా దగ్గినా స్పెషలిస్టు దగ్గరికి పోనక్కర్లేదు. అయిదారేళ్ల లోపు పిల్లలకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. వారం పది రోజుల్లో అదే పోతుంది. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. మరి ఎంతవరకు ఇంట్లో చూసుకోవచ్చు, ఎప్పుడు ఇ.ఎన్.టి. డాక్టరు కావాలి? అది తెలిసుంటే తల్లులకు సగం బెంగ తగ్గుతుంది.

జలుబుకీ చెవికీ చుట్టరికం

ముక్కు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. పెద్దవాళ్లకు అది పొడుగ్గా, ఏటవాలుగా ఉంటే పిల్లలకు పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే పగలంతా ముక్కు కారిన పిల్ల అర్ధరాత్రి చెవి పట్టుకుని ఏడుస్తుంది. పడుకోబెట్టి పాలసీసా నోట్లో పెట్టే అలవాటున్నా, ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాలుస్తున్నా ఈ బాధ ఇంకా ఎక్కువ.

చెవిపోటు చాలామందికి రెండు మూడు రోజుల్లోనే తగ్గుతుంది. నొప్పికి, జ్వరానికి బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ సరిపోతుంది. అయితే ఆర్నెల్ల లోపు పసివాళ్లయినా, జ్వరం 102 డిగ్రీలు దాటినా, రెండు రోజులకు నొప్పి తగ్గకపోయినా, చెవిలోంచి చీమో నెత్తురో వచ్చినా వెంటనే చూపించాలి. చెవి వెనక ఎముక మీద వాచి, ఎర్రబడి, చెవి ముందుకు తోసుకొచ్చినట్టు కనిపిస్తే మాత్రం తెల్లారే దాకా కూడా ఆగకూడదు. చీము ఆ ఎముకలోకి చేరి ఉండొచ్చు. అక్కడినుంచి మెదడుకు పాకే ప్రమాదం ఉంది.

చెవి అనగానే మన ఇళ్లలో వెల్లుల్లి వేసి కాచిన నూనె సిద్ధం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అవుతుంది జాగ్రత్త! కారే చెవికి కర్ణభేరిలో చిల్లు ఉండొచ్చు. నూనె, ఆకుపసరు, చనుబాలు ఏవీ పోయకూడదు. తలంటు పోసేటప్పుడు దూదికి కాస్త వాజలీన్ రాసి చెవికి అడ్డం పెడితే నీళ్లు లోపలికి పోవు. రెండు వారాలు దాటి కారుతున్నా, దుర్వాసన వేస్తున్నా తప్పనిసరిగా ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించాలి. అలా వాసనతో కారే చెవుల్లో కొన్నిటిలో లోపలి ఎముకను తినేసే జబ్బు ఉంటుంది. దానికి ఆపరేషన్ ఒక్కటే మార్గం. ఇక గుబిలి సంగతంటారా, అది దానంతటదే బయటికి వస్తుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టి కెలకొద్దు.

నొప్పి లేని చెవుడు

నొప్పి ఉంటే పిల్లలు ఏడుస్తారు, మనకు తెలుస్తుంది. నొప్పి లేకుండా వినికిడి తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

మా వీధిలో రెండో తరగతి చదివే పిల్లాడొకడున్నాడు. "వీడికి ఒట్టి పరధ్యానం అక్కా, పదిసార్లు పిలిస్తే గానీ పలకడు" అనేది వాళ్లమ్మ. టీవీకి ఆనుకుని కూర్చునేవాడు. డిక్టేషన్‌లో ఎప్పుడూ సున్నాలే. బడిలో మొద్దు అన్నారు, ఇంట్లో మొండి అన్నారు. రెండుచోట్లా దెబ్బలే. చివరికి చెవి పరీక్ష చేయిస్తే రెండు కర్ణభేరుల వెనకా జిగటగా నీరు పేరుకుని ఉంది. "మరి ఆ దెబ్బలన్నీ దేనికి తిన్నాడక్కా?" అని ఆ తల్లి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

జలుబుల తర్వాత చేరే ఈ నీరు చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే ఇంకిపోతుంది. అప్పటికీ పోక, వినికిడి తగ్గినట్టు పరీక్షలో తేలితే కర్ణభేరిలో చిన్న గొట్టం అమర్చే ఆపరేషన్ ఉంది. ఆలోగా పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచర్‌ను అడగొచ్చు.

పుట్టుకతోనే వినపడని పిల్లల విషయంలో ప్రతి నెలా విలువైనదే. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స జరగాలంటారు నిపుణులు. ఆరు నెలల బిడ్డ చప్పుడు వైపు తల తిప్పకపోయినా, ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, రెండేళ్లకు 'అమ్మా, పాలు' అని రెండు మాటలు కలపకపోయినా, 'వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి' అన్న పెద్దవాళ్ల మాట విని ఊరుకోకండి.

ముక్కు, గొంతు

రోజూ నోటితో గాలి పీల్చడం, గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఒక్క క్షణం ఆగి ఉలిక్కిపడటం, పగలు చిరాకు... ఇవి ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్, గొంతులోని టాన్సిల్స్ బాగా పెరిగాయనడానికి గుర్తులు. ఒకే ముక్కులోంచి కంపు కొడుతూ చీమిడి వస్తుంటే అందులో ఏ చింతగింజో స్పాంజి ముక్కో ఇరుక్కుందేమో అనుమానించాలి.

ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి. కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. ఇరవై నిమిషాలకూ ఆగకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాటిమాటికీ వస్తున్నా, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు కనిపిస్తున్నా చూపించాల్సిందే.

టాన్సిల్స్ వాచిన ప్రతిసారీ ఆపరేషన్ అక్కర్లేదు. ఒక ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్లు ఏటా అయిదుసార్లు, లేదా మూడేళ్లు ఏటా మూడుసార్లు గట్టిగా వస్తే అప్పుడు ఆలోచిస్తారు. అయితే గొంతునొప్పికి డాక్టరు యాంటిబయాటిక్ రాస్తే, రెండు రోజులకే తగ్గిందని మానేయొద్దు. కొన్ని గొంతు ఇన్‌ఫెక్షన్లు పూర్తిగా నయం కాకపోతే కీళ్లవాతంగా మారి గుండె కవాటాలను పాడుచేస్తాయి.

ఇవైతే పరుగెత్తాల్సిందే

* బొమ్మల్లో, రిమోట్‌లో ఉండే బిళ్ల బ్యాటరీ ముక్కులోనో చెవిలోనో పెట్టుకున్నా, మింగినా. రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.
* వేరుశనగ పలుకులు తింటూ ఉన్నట్టుండి పొలమారి, దగ్గు, పిల్లికూతలు మొదలైతే. కాసేపటికి దగ్గు ఆగినా చూపించాల్సిందే.
* ఊపిరి తీసేటప్పుడు కూత వినిపించినా, మింగలేక చొంగ కారుతున్నా, పెదాలు నీలంగా మారినా.
* చెవిలో గింజ పడితే నీళ్లు పోయకండి, ఉబ్బుతుంది. పిన్నుతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది.

ఖర్చుకు భయపడి వెనకాడే తల్లులూ ఉంటారు. హైదరాబాద్ కోఠీలోనూ, విశాఖపట్నంలోనూ ప్రత్యేకంగా ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రులున్నాయి. జిల్లా ఆస్పత్రుల్లోనూ ఈ డాక్టర్లుంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు వినికిడి లోపాన్నీ, చెవి జబ్బులనూ గమనించి పెద్దాస్పత్రికి పంపుతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్నాళ్ల నుంచి, ఏ చెవి, ఏడాదిలో ఎన్నిసార్లు, ఏ మందులు వాడారు అని. గురకైతే ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసి చూపించండి. ఇక ఈ పూటే మీ పిల్లల వెనక నిలబడి, వాళ్లకు మీ మొహం కనిపించకుండా, మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. రెండు మూడు సార్లు పిలిచినా తిరగకపోతే తిట్టకండి, పరీక్ష చేయించండి.