వంటింట్లోనే సైన్సు పాఠం

మా చిన్నమ్మాయి రెండో తరగతి. ఒకరోజు దాని గౌను మీద పసుపు మరక పడితే సబ్బు పెట్టి రుద్దుతున్నాను. "అమ్మా, పసుపు ఎర్రగా ఎందుకయింది?" అని అడిగింది. పని తొందరలో "అబ్బ, విసిగించకు" అని కసిరాను. బళ్లో అడిగితే "అది పాఠంలో లేదు, కూర్చో" అన్నారట. ఆ తర్వాత పిల్ల ప్రశ్నలడగడమే మానేసింది. "గాలికి రంగు, రుచి, వాసన లేవు" అని గడగడా అప్పజెప్పే పిల్లకి ఖాళీ గ్లాసు చూపించి ఇందులో ఏముందంటే "ఏమీ లేదు" అంది! తప్పు నాదే అనిపించింది.

నేను చదివింది ఇంటరే. మనమేం చెప్పగలంలే అని జంకాను. అయినా మొదలుపెట్టాను.

గ్లాసు అడుగున కాగితం ఉండ గట్టిగా కుక్కి, బకెట్టు నీళ్లలో నిటారుగా బోర్లించి ముంచమన్నాను. తీసి చూస్తే కాగితం పొడిగానే ఉంది! లోపల గాలి ఉండబట్టే నీళ్లు పైకి రాలేదు. మళ్లీ ముంచి కాస్త వంచితే బుడబుడా బుడగలు. "అమ్మా, గాలి పోతోంది!" అని ఒకటే అరుపులు.

ఇక పసుపు సంగతి. తెల్ల కాగితానికి పసుపు నీళ్లు రాసి ఆరబెట్టండి. బట్టల సబ్బు నీళ్లు ఒక చుక్క వేస్తే ఎర్రబడుతుంది. దానిమీద నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపే. సబ్బుది క్షారగుణం, నిమ్మది ఆమ్లగుణం. సున్నం కలిపితే పారాణి ఎర్రబడేదీ ఇందుకే. ఎన్నేళ్లుగానో మనం చేస్తున్నది సైన్సే కదండీ!

బంగాళాదుంప ముక్క మంచినీళ్లలో మునుగుతుంది. ఒక్కో చెంచా ఉప్పు కలుపుతూ పోండి, ఉప్పునీళ్లు బరువెక్కి ముక్క పైకి తేలుతుంది. ఎన్ని చెంచాలకు తేలుతుందో ముందే పిల్లల్ని చెప్పమనండి.

ఇది చిల్లర ఆట అనుకోకండి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా బళ్లలో 1972లోనే ఇలా చేతులతో చేయించి సైన్సు నేర్పడం మొదలుపెట్టారు. ఐఐటి కాన్పూరులో చదివిన అరవింద్ గుప్తా గారు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు చేయించి పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆయనకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

కొన్ని జాగ్రత్తలు: సున్నం పిల్లల చేతికివ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. పొయ్యి దగ్గర ఆటలు వద్దు. జవాబు మీరే ముందు చెప్పేయకండి, "ఏమవుతుందో చెప్పు చూద్దాం" అనండి.

మొన్న మా అమ్మాయి చల్లనీళ్ల గ్లాసు పట్టుకొచ్చి, "అమ్మా, గ్లాసు బయట తడి ఎక్కణ్ణించి వచ్చింది?" అంది. చాలా రోజుల తర్వాత అడిగిన ప్రశ్న. పొయ్యి కట్టేసి, "రా, ఇద్దరం చూద్దాం" అన్నాను.